కోసిన తరువాత పండని పండు

మామిడికాయ పక్వానికి రాగానే చెట్టు నుండి కోసి, వరిగడ్డిలో కప్పి మాగబెట్టడం తెలుగునాట తరతరాలుగా వస్తున్న గృహవిజ్ఞానం. కాయ కోతకు వచ్చిందో లేదో తొడిమ దగ్గరి భుజాలను చూసి చెప్పగల పెద్దలు ఊరూరా ఉండేవారు. ఆ ఊళ్ళ నుండి వచ్చి అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు నేడు ప్రతి వేసవిలో పిల్లాపాపలతో బెర్రీ తోటలకు వెళ్ళి, స్వహస్తాలతో పండ్లు కోసుకొని, తూకం వేయించి డబ్బు చెల్లించి వస్తున్నాయి. న్యూజెర్సీ ప్రాంతంలో మే నెలాఖరు నుండి జూన్ మధ్య వరకు స్ట్రాబెర్రీలు, జూన్ నడిమి నుండి జూలై చివరి దాకా బ్లూబెర్రీలు, ఆ పైన బ్లాక్‌బెర్రీలు కోతకు వస్తాయి. పులిహోర పొట్లాలు, ఎండటోపీలు, స్వదేశం నుండి వేసవికి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు, వెరసి ఇదొక చిన్న వనభోజనం.

అయితే తోటలో సాలు మొదటనే ఒక వివాదం తలెత్తడం కద్దు. పిల్లలు నిండా ఎర్రబడినవి ఏరుతుంటే, పెద్దావిడ సగం తెల్లగా ఉన్నవాటిని బుట్టలో వేస్తూ, "బాగా పండినవి రేపటికి చితికిపోతాయి నాయనా, ఇవైతే ఇంట్లో రెండు రోజులుంచితే మాగుతాయి" అంటారు. మామిడి విషయంలో ఆ మాట అక్షరసత్యం. స్ట్రాబెర్రీ విషయంలో మాత్రం చెల్లదు. ఒకే అనుభవం ఒక పండు దగ్గర శాస్త్రమై, మరొక పండు దగ్గర పొరపాటు ఎందుకవుతున్నదో చెప్పడం రసాయన శాస్త్రానికి కష్టమేమీ కాదు.

మామిడికాయ కోతకు వచ్చేనాటికి దాని కండ నిండా పిండిపదార్థం నిలువ ఉంటుంది. కోసిన కొద్ది రోజులకు కాయ తనంతట తానే ఎథిలీన్ అనే వాయువును విడుదల చేయనారంభిస్తుంది. రెండు కార్బన్, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు మాత్రమే గల ఈ అతి సరళమైన అణువు మొక్కలకు ఒక హార్మోను. కొద్దిపాటి ఎథిలీన్ మరింత ఎథిలీన్ తయారీని ప్రేరేపిస్తుంది. కాయ శ్వాసక్రియ ఒక్కసారిగా పెరుగుతుంది, పిండిపదార్థం చక్కెరలుగా విడిపోతుంది, పులుపు తగ్గుతుంది, కండ మెత్తబడుతుంది. వరిగడ్డి చేసే పనల్లా ఈ వాయువును, వెచ్చదనాన్ని కాయల చుట్టూ నిలిపి ఉంచడమే. ఒక పండిన కాయ పక్కన ఉన్నవన్నీ త్వరగా పండడానికి కారణం కూడా ఇదే. కొందరు వ్యాపారులు నిషేధాన్ని లెక్కచేయక వాడే కాల్షియం కార్బైడు నుండి వెలువడేది ఎసిటిలీన్; అది ఎథిలీన్‌ను అనుకరించి కాయను మోసగిస్తుంది. అరటి, సపోటా, సీతాఫలం, బొప్పాయి, టమాటా కూడా మామిడి కోవకు చెందినవే. వీటిని శాస్త్రజ్ఞులు క్లైమాక్టెరిక్ ఫలాలంటారు.

స్ట్రాబెర్రీది వేరు దారి. ద్రాక్ష, బత్తాయి, దానిమ్మల వలెనే ఇది కూడా కోసిన పిమ్మట ఎథిలీన్ ఉప్పెన లేని ఫలం. అంతకంటె ముఖ్యమైన సంగతి, దాని కండలో చక్కెరగా మారడానికి తగినంత పిండిపదార్థపు నిలువ లేదు. దాని తీపి యావత్తూ ఆకులలో తయారై, తొడిమ గుండా నాడు నాటికి అందుతూ ఉంటుంది. మామిడికాయ ధాన్యపు కొట్టు గల కాపు ఇల్లయితే, స్ట్రాబెర్రీ ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకొనే ఇల్లు. తొడిమ తెగిన క్షణాన రాబడి ఆగిపోతుంది. ఇక దానికి మిగిలేది ఉన్న చక్కెరను శ్వాసక్రియలో ఖర్చుపెట్టుకోవడమే.

ఇక్కడొక మాయ ఉన్నది. తెల్లని భుజాలతో కోసిన స్ట్రాబెర్రీని ఇంట్లో బల్ల మీద ఉంచితే అది మరునాటికి ఇంకొంత ఎర్రబడుతుంది, మెత్తబడుతుంది కూడా. చూచిన వారు పండిందనుకుంటారు. కాని ఎరుపు వేరు, తీపి వేరు. రంగును తయారుచేసే ఎంజైములు కొంతకాలం తమ పని తాము చేసుకొని పోతాయి. చక్కెర మాత్రం ఎక్కడి నుండీ రాదు. సువాసన కూడా అంతే. స్ట్రాబెర్రీకి కాచిన చక్కెర వంటి తీయని పరిమళాన్నిచ్చే ఫ్యూరనియోల్ అనే పదార్థం పండు చివరి దశలో, మొక్క మీద ఉండగా వేగంగా పెరుగుతుంది. ఇది అనాసలోనూ, మామిడిలోనూ కూడా ఉండేదే. దూరప్రయాణానికి తట్టుకోవాలని కాస్త ముందుగా కోసి, గట్టిదనం చూసి ఎంపిక చేసిన రకాలను పెట్టెల్లో అమ్మే బజారు పండుకు, తోటలో కోసిన పండుకు నాలుక గుర్తించే తేడా ఊహాజనితం కాదు. తోటకు వెళ్ళి పచ్చి పండ్లు కోసుకొని రావడమంటే, బజారు పండు చేసే రాజీని రెట్టింపు శ్రమతో ఇంటికి తెచ్చుకోవడమే.

కనుక ఏ పండును ఎప్పుడు కోయాలన్నది తెలిసి ఉండాలి. స్ట్రాబెర్రీ తొడిమ కింది రేకుల అంచు వరకు ఎర్రబడాలి. రేకులను ఎత్తి చూడాలి, ఎందుకంటే తెలుపు అక్కడే దాక్కొని ఉంటుంది. పండును పట్టుకొని లాగకుండా, కాడను రెండు గోళ్ళ మధ్య గిల్లి, రేకులతో సహా తీయాలి. బ్లూబెర్రీ నీలంగా మారిన రోజునే సిద్ధమైనట్లు కాదు. తొడిమ ఊడే చోట ఎర్రని వలయం మిగిలి ఉంటే అది ఇంకా పులుపే. పూర్తిగా నీలమైన తరువాత కూడా కొద్ది రోజుల పాటు కొమ్మ మీద ఉంటే పరిమాణమూ, తీపీ రెండూ పెరుగుతాయి. గుత్తి కింద అరచేయి పట్టి బొటనవేలితో మెల్లగా దొర్లిస్తే పండినవి తామే రాలతాయి, పండనివి కదలవు. కోసిన తరువాత బ్లూబెర్రీ రంగు ముదరవచ్చునే గాని తీపి పెరగదు. బ్లాక్‌బెర్రీ నిగనిగలాడే నలుపులో ఉన్నప్పుడు నోరు పులిసేలా ఉంటుంది, ఆ మెరుపు తగ్గి కాస్త మసకబారినదే తీపి. రాస్ప్‌బెర్రీ అయితే తాకగానే టోపీ లాగా ఊడి వస్తుంది, దాని లోపలి తెల్లని మొన మొక్కకే అంటుకొని ఉండిపోతుంది. బలవంతం చేయవలసి వచ్చిందంటే ఇంకా సమయం ఉందన్న మాట.

ఈ పండ్ల పేర్లన్నిటి చివరా బెర్రీ అని ఉన్నా, వృక్షశాస్త్రం దృష్టిలో బ్లూబెర్రీ ఒక్కటే నిజమైన బెర్రీ. టమాటా, వంకాయ కూడా ఆ జాబితాలో ఉన్నాయని చెబితే పిల్లలు నవ్వుతారు. రాస్ప్‌బెర్రీలో ఒక్కొక్క పూస ఒక్కొక్క బుల్లి మామిడిపండు వంటిది: పైన తొక్క, నడుమ గుజ్జు, లోపల టెంక. ఒకే పువ్వులోని అనేక అండాశయాలు కలిసి ఒకే పండుగా కనిపించడం సీతాఫలంలోనూ చూస్తాము. స్ట్రాబెర్రీ మరీ విచిత్రం. ఎర్రని కండ అసలు ఫలమే కాదు, ఉబ్బిన పుష్పాసనం. పైన గింజల వలె అంటుకొని ఉన్నవే, సుమారు రెండు వందల దాకా, అసలైన ఫలాలు. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క విత్తనం. 1950లో జె.పి. నిచ్ అనే శాస్త్రజ్ఞుడు లేత కాయ మీది ఈ గింజలన్నిటినీ తీసివేస్తే కండ ఎదుగుదల ఆగిపోతుందని, వాటి స్థానంలో ఆక్సిన్ అనే హార్మోనును పూస్తే మళ్ళీ ఎదుగుతుందని నిరూపించాడు. అంటే ప్రతి గింజా తన చుట్టూ ఉన్న కండను తానే పెంచుకుంటున్నది. తేనెటీగలు సరిగా వాలక కొన్ని అండాశయాలకు పరాగసంపర్కం జరగకపోతే, ఆ చోట కండ ఎదగక పండు వంకర తిరుగుతుంది. సాలులో కనిపించే వంకర పండ్లన్నిటికీ కారణం ఇదే కాకపోయినా, చాలావాటికి ఇదే. రుచికి వాటిలో లోపమేమీ ఉండదు.

నేటి పెద్ద స్ట్రాబెర్రీ అడవిలో పుట్టినది కాదు. అమెడే ఫ్రెజియే అనే ఫ్రెంచి సైనిక ఇంజనీరు దక్షిణ అమెరికాలోని స్పానిష్ కోటల సమాచారం సేకరించడానికి వెళ్ళి, 1714లో చిలీ నుండి పెద్ద కాయలు కాసే స్ట్రాబెర్రీ మొక్కలు తెచ్చాడు. సుదీర్ఘమైన ఓడ ప్రయాణంలో ఐదు మాత్రమే బ్రతికాయి. అవి స్త్రీ పుష్పాలు పూసేవి కావడంతో వంటరిగా కాయలేకపోయాయి. ఫ్రాన్సులోని తోటలలో ఉత్తర అమెరికా నుండి వచ్చిన వర్జీనియా జాతి పక్కన నాటినప్పుడు ఆ రెండింటికీ పుట్టిన సంకరమే నేటి పండు. ఈ సంగతిని 1766లో అంట్వాన్ నికొలా ద్యుషేన్ వెల్లడించాడు. తల్లి ఒక అమెరికా, తండ్రి మరొక అమెరికా, జననం యూరప్, ఆపైన మళ్ళీ అమెరికాకు రాక. వలస కుటుంబాలకు ఈ వంశవృక్షం అపరిచితంగా తోచదు.

బ్లూబెర్రీ కథ మరింత ఇటీవలిది, న్యూజెర్సీ వారికి పొరుగింటిది. 20వ శతాబ్దం మొదట్లో కూడా బ్లూబెర్రీని అడవిలో ఏరుకోవడమే గాని సాగుచేయడం ఎవరికీ చేతకాలేదు. సారవంతమైన తోటమట్టిలో నాటితే చనిపోయేది. అమెరికా వ్యవసాయ శాఖలోని ఫ్రెడరిక్ కోవిల్ ప్రయోగాలు చేసి, ఈ మొక్కకు ఆమ్లనేల కావాలని 1910లో ప్రకటించాడు. ఆ నివేదికను చదివిన ఎలిజబెత్ వైట్ అనే మహిళ 1911లో ఆయనకు ఉత్తరం వ్రాసింది. న్యూజెర్సీ పైన్ అడవుల నడుమ వైట్స్‌బాగ్‌లో ఆమె తండ్రికి క్రాన్‌బెర్రీ తోట ఉండేది. అడవి పొదలలో పెద్ద పండ్లు కాసేవాటిని గుర్తించమని ఆమె స్థానికులను కోరి, కొలత కోసం పలకలిచ్చి, దొరికిన పొదకు పారితోషికం చెల్లించింది. ఆ పొదకు కనుగొన్నవారి పేరే పెట్టేది. రూబ్ లీక్ అనే వ్యక్తి చూపిన పొద నుండి వచ్చిన రూబెల్ రకం నేటికీ సాగులో ఉన్నది. 1916లో తొలి పంట బజారుకు వెళ్ళింది. ఒక శాస్త్రజ్ఞుని ప్రయోగశాల, అడవిని ఎరిగిన నిరుపేదల చూపు కలిస్తే తప్ప సాధ్యం కాని పని అది. చరిత్రలు మొదటి దానినే ఎక్కువగా చెబుతాయి.

పెరటిలో కరివేపాకు కుండీ పక్కన ఒక బ్లూబెర్రీ మొక్క పెంచాలనుకొనే వారికి కోవిల్ పరిశోధన నేటికీ పనికివస్తుంది. నేల పి.హెచ్. 4.5 నుండి 5.5 మధ్య ఉండాలి. అంతకంటె ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా వేర్లకు అందక, ఈనెలు పచ్చగా ఉండి ఆకులు పసుపుబారుతాయి. పాదులో కట్టెల బూడిద వేయడం స్వదేశంలో చాలా మొక్కలకు మేలు చేసే అలవాటే అయినా, బూడిద క్షారగుణం గలది కనుక ఈ మొక్కకు విషంతో సమానం. గంధకం పొడి కలిపితే నేలలోని బాక్టీరియా దానిని నెమ్మదిగా ఆమ్లంగా మారుస్తుంది. నెమ్మదిగా అన్న మాట గుర్తుంచుకోవాలి. నాటడానికి కొన్ని నెలల ముందే ఆ పని చేయాలి.

ఇక రంగు. నేరేడుపళ్ళు తిని ఊదా నాలుకలు ఒకరికొకరు చూపించుకొన్న బాల్యం గలవారికి బ్లూబెర్రీ వర్ణకాలు కొత్తవి కావు. రెండింటి తొక్కలోనూ ఉన్నవి ఆంథోసయనిన్లు, అందులోనూ డెల్ఫినిడిన్, పెట్యునిడిన్, మాల్విడిన్ అనే ఒకే కుటుంబపు అణువులు. స్ట్రాబెర్రీ ఎరుపు ముఖ్యంగా పెలార్గొనిడిన్ నుండి వస్తుంది. ఈ కోవ పదార్థాల అధ్యయనంలో తెలుగు నేలకూ ఒక స్థానమున్నది. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ వద్ద శిక్షణ పొందిన టి.ఆర్. శేషాద్రి 1930, 40 దశకాలలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాఖను నడుపుతూ, ఆంథోసయనిన్లకు దగ్గరి బంధువులైన ఫ్లేవనాయిడ్ల మీద విస్తృతంగా పరిశోధించారు. పత్తి పూలు, గోగు పూలు ఆయన బృందానికి ముడిసరుకులు. గోంగూర పచ్చడి తిననివారుండని సీమలో గోగుపువ్వు రంగును పరీక్షనాళికలోకి దించిన ఆ కృషిని నేటి పిల్లలకు చెప్పవలసి ఉన్నది.

పిల్లలచేత వంటింట్లోనే ఒక ప్రయోగం చేయించవచ్చు. పది బ్లూబెర్రీలను చిదిమి గోరువెచ్చని నీటిలో కలిపి వడగట్టి మూడు గాజు గ్లాసులలో పోయాలి. ఒకదానిలో నిమ్మరసం పిండితే ద్రవం ఎర్రగా మెరుస్తుంది. రెండవది ఊదాగా అలాగే ఉంటుంది. మూడవదానిలో చిటికెడు వంటసోడా వేస్తే నీలిపచ్చగా మారుతుంది. అణువు ఒకటే, ఆమ్లంలో ధనావేశంతో ఎర్రగా ఉండి, ఆమ్లత తగ్గేకొద్దీ హైడ్రోజన్ అయాన్లను కోల్పోయి, కాంతిని పీల్చే తీరు మార్చుకుంటుంది. వెంటనే మూడవ గ్లాసులో నిమ్మరసం పోస్తే బుసబుస పొంగి ఎరుపు తిరిగి వస్తుంది. ఆలస్యం చేస్తే రాదు, ఎందుకంటే క్షారంలో అణువు కొంతసేపటికి విచ్ఛిన్నమవుతుంది. సోడా ఎక్కువైన బ్లూబెర్రీ కేకులో పండు చుట్టూ పచ్చని మరకలు కనబడడం చెడిపోయినందువల్ల కాదని దీనినిబట్టి తెలుస్తుంది. అన్నట్లు, పండును చిదిమితే వచ్చే రసం ఎరుపు, ఊదాలే గాని ఆకాశనీలం కాదు. పైన కనిపించే నీలం, తొక్క మీది మైనపు పూత లోని అతిసూక్ష్మ నిర్మాణాలు నీలికాంతిని వెదజల్లడం వల్ల కలుగుతున్నదని 2024లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చూపారు. ఆ పూతను పిల్లలు దుమ్మనుకొని తుడిచివేస్తుంటారు. అది పండులోని తేమను కాపాడే కవచం.

రంగు ప్రసక్తిలోనే ఒక హెచ్చరిక. తోటల కంచె వెంట, కారు నిలిపే చోట, వేసవి చివర ఎర్రని కాడలకు నల్లని గుండ్రటి పండ్ల గుత్తులతో పోక్‌వీడ్ అనే మొక్క తరచుగా పెరుగుతుంది. చూడడానికి బచ్చలిపండ్లను తలపిస్తుంది, చిదిమితే అదే ఊదా సిరా. ఈ పోలిక పూర్తిగా యాదృచ్ఛికం కాదు. పోక్‌వీడ్, బచ్చలి, బీట్‌రూట్, తోటకూర వీటన్నిటి ఎరుపు ఆంథోసయనిన్ కాదు, బీటలైన్ అనే వేరొక తెగ. ఏ మొక్కా ఈ రెండు తెగలనూ కలిపి తయారుచేయదు. కాని బచ్చలి ఆహారం, పోక్‌వీడ్ నిలువెల్లా విషం. బచ్చలిపండ్లతో చేతులకు రంగులద్దుకొన్న పెద్దలు ముచ్చటపడి మనుమల చేతికి అందిస్తే ప్రమాదం. సాలులో నాటిన పంట తప్ప మరే పండునూ పిల్లలు నోట పెట్టకుండా చూడాలి. పొరపాటున తింటే లక్షణాల కోసం ఎదురు చూడకుండా విషనివారణ కేంద్రానికి 1-800-222-1222 నంబరులో ఫోను చేయాలి.

ఈ పండ్ల ఆరోగ్య మహిమల గురించి ప్రకటనలు చెప్పేదంతా నమ్మనక్కరలేదు. పరీక్షనాళికలో కొలిచిన ఆంటీఆక్సిడెంటు అంకెలు శరీరంలోని ఫలితాన్ని సూచించవన్న కారణంగా అమెరికా వ్యవసాయ శాఖ తన ఓఆర్ఏసీ పట్టికను 2012లో ఉపసంహరించుకొన్నది. నమ్మదగిన అంకెలు సాదా అంకెలే. 100 గ్రాముల స్ట్రాబెర్రీలో సుమారు 60 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది, చక్కెర 5 గ్రాములే. అంతే తూకపు మామిడిలో చక్కెర 14 గ్రాముల దాకా, బ్లూబెర్రీలో 10 గ్రాముల దాకా ఉంటుంది. మధుమేహం గల పెద్దవారున్న ఇళ్ళలో ఈ తేడా చిన్నది కాదు.

కోసిన పండు ఇల్లు చేరేలోగానే ఎక్కువ నష్టం జరుగుతుంది. స్ట్రాబెర్రీ శ్వాసక్రియ 0 డిగ్రీల సెల్సియస్ కంటె 20 డిగ్రీల వద్ద సుమారు పది రెట్లు వేగంగా సాగుతుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో అది ఇంకెంత వేగమో ఊహించవచ్చు. మంచు ఆరిన తరువాత, ఎండ ముదరక ముందు, ఉదయమే కోయడం మంచిది. లోతు తక్కువ పళ్ళాలలో రెండు మూడు వరుసలకు మించకుండా పేర్చి, నీడలో ఉంచి, చల్లదనం గల పెట్టెలో తెచ్చుకోవాలి. భోజనం తోటలోనే ముగించుకొని, పండ్లు కోయడం చివరికి పెట్టుకొంటే ఇంకా మేలు. ఇంటికి రాగానే కడగాలనిపించడం సహజం, కాని కడగరాదు. బూడిదరంగు బూజుకు కారణమైన బాట్రైటిస్ శిలీంధ్రం పూత దశలోనే మొక్కను చేరి, పండు పండేవరకు వేచి ఉంటుంది. తేమ దొరికితే ఫ్రిజ్‌లో కూడా మెల్లగా పెరుగుతుంది. చితికినవాటిని వేరుచేసి, మిగిలినవాటిని పొడిగా ఫ్రిజ్‌లో పెట్టి, తినబోయే ముందు మాత్రమే ధారాళంగా కడగాలి.

చితికినవి, అదనంగా వచ్చినవి జామ్‌కు పోతాయి. కాస్త కచ్చాగా ఉన్న కాయలకు గౌరవం దక్కే చోటు కూడా ఇదే. జామ్ గట్టిపడడానికి కారణమైన పెక్టిన్ స్ట్రాబెర్రీలో స్వతహాగా తక్కువ, ఉన్నది కూడా పండు పండేకొద్దీ తరిగిపోతుంది. నాలుగు వంతులలో ఒక వంతు కాస్త పండని కాయలు కలిపితే ఆ లోటు కొంత తీరుతుంది. పెక్టిన్ పోగులు ఒకదానితో ఒకటి అల్లుకోవాలంటే మిశ్రమంలో 65 శాతం వరకు చక్కెర, 3 నుండి 3.5 పి.హెచ్. ఉండాలి, నిమ్మరసం అందుకే. సముద్రమట్టం వద్ద పాకం 104, 105 డిగ్రీలకు చేరితే చక్కెర పాళ్ళు కుదిరినట్లే. పెద్ద గిన్నెలో ఎక్కువసేపు ఉడికిస్తే ఆంథోసయనిన్ నశించి జామ్ గోధుమరంగుకు తిరుగుతుంది, కనుక వెడల్పాటి పాత్రలో కొద్దికొద్దిగా, పెద్ద మంట మీద చేయడం మేలు.

బ్లూబెర్రీలకు ఇంత శ్రమ అక్కరలేదు. కడగకుండా, తడి లేకుండా పళ్ళెంలో ఒకే వరుసగా పరచి ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, ఆ తరువాత సంచిలోకి ఎత్తుకోవాలి. తడితో గడ్డకడితే ముద్దలవుతాయి. మంచు స్ఫటికాలు కణాల గోడలను చీల్చడం వల్ల కరిగినప్పుడు మెత్తబడి రసం కారుతుంది. కాబట్టి వాటిని వాడదలచినప్పుడు కరగనివ్వకుండా, చన్నీళ్ళతో తొలిచి, నేరుగా పిండిలోనో పెరుగులోనో వేసుకోవాలి.